కుక్కకు 'ఇప్పుడు' అంటే ఎంత?

ఏలూరు జిల్లాలోని నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలలో పూత కనిపించినది మొదలు కాయ కోసేవరకు మనుష్యులకు మనశ్శాంతి ఉండదు. పూత మీద తేనెమంచు పురుగు భయము. పిందె మీద ఎండ భయము. బంగినపల్లి, చిన్నరసము వంటి కాయలు బరువెక్కే వేసవి నెలలలో గాలివాన భయము. పూతను చూచి తోటను గుత్తకు తీసుకొన్నవాడు రాబోయే కోతను మనస్సులో లెక్క వేసుకొంటూనే ఉంటాడు. ఒక్క రాత్రి గాలికి ఆ లెక్క తలక్రిందులు కావచ్చును. అదే తోటలో కాపలావాని నులకమంచము క్రింద పడుకొన్న కుక్కను చూడండి. ఎండుటాకు చప్పుడైతే తల ఎత్తి చెవులు రిక్కిస్తుంది. కోతి అయితే మొరిగి తరుముతుంది. కాకపోతే మరల కన్ను మూస్తుంది.

దీనిని చూచి, కుక్క వర్తమానములోనే బ్రతుకుతుంది, మనము కూడ అట్లే బ్రతకవలెను అని చెప్పేవారు ఉన్నారు. ఈ మాటలో నిజమెంత?

కుక్కకు నిన్న, రేపు అనేవి బొత్తిగా లేవనడము సరికాదు. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ ప్రయోగములను ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎరుగుదురు. ఆహారమునకు ముందు ఒక శబ్దమును పదే పదే వినిపించగా, తరువాత ఆ శబ్దము వినబడినంతనే కుక్క నోట లాలాజలము ఊరినది. (గంట ఒక్కటే ప్రసిద్ధికెక్కినది గాని, ఆయన లయను కొట్టే మెట్రోనోము వంటి సాధనములను కూడ వాడినారు.) ఇంకను రాని ఆహారమునకు శరీరము సిద్ధపడుటను ఎదురుచూపు అనక ఏమనవలెను?

జ్ఞాపకము సంగతి ఇంకను ఆసక్తికరము. 2016లో హంగెరీ దేశపు శాస్త్రజ్ఞులు 17 కుక్కలకు, యజమాని చేసిన పనిని ఆజ్ఞ మీద తిరిగి చేయడము నేర్పినారు. తరువాత ఆ శిక్షణను మార్చి, యజమాని ఏమి చేసినను ఊరక పడుకొనడము అలవాటు చేసినారు. అనగా, చూచినదానిని గుర్తుంచుకొనవలసిన అవసరము వాటికి లేకుండా చేసినారు. ఆపైన ఒకనాడు హఠాత్తుగా 'చేయి' అన్నారు. ఒక నిమిషము తరువాతనే కాదు, గంట తరువాత అడిగినను అనేక కుక్కలు తాము చూచిన పనిని చేయగలిగినవి. అయితే కాలము గడచినకొలది ఆ జ్ఞాపకము త్వరగా మసకబారినది. మనకు నిన్నటి సంత సంగతి, ఎందుకూ అనుకోకుండానే, గుర్తుండడము వంటిదే ఇది.

అసలు విచిత్రము కుక్క ముక్కులో ఉన్నది. వాసన చూచేటప్పుడు అది క్షణమునకు సుమారు 5 సార్లు గాలి పీల్చి విడుస్తుంది. విడిచే గాలి ముక్కుపుటముల ప్రక్కనున్న చీలికలగుండా వెనుకకు పోవును గనుక, ముందున్న వాసన చెదరదు. 1993లో నార్వే శాస్త్రజ్ఞులు జర్మన్ షెపర్డు కుక్కలను మనిషి నడచిన జాడకు అడ్డముగా తీసికొనివచ్చినారు. గడ్డిలో 20 నిమిషముల క్రితము పడిన ఆ జాడలో కొద్ది అడుగులను మాత్రమే వాసన చూచి, 3 నుండి 5 క్షణములలో మనిషి ఎటు పోయినదీ అవి తేల్చుకొన్నవి. నడకలో ఒక అడుగుకు, తరువాతి అడుగుకు మధ్యనుండే వ్యవధి ఎంత? సుమారు ఒక్క క్షణము. అంత స్వల్పమైన తేడాను అవి పసిగట్టినవన్న మాట. పాత వాసన గతము. గాలిలో దూరమునుండి తేలివచ్చే వాసన, కంటికి ఇంకను కనబడని భవిష్యత్తు. అమెరికా శాస్త్రజ్ఞురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ ఈ విషయమును గూర్చి విపులముగా వ్రాసినారు. కుక్క 'ఇప్పుడు' మన దానికంటె వెడల్పైనది.

మరి మనకూ దానికీ భేదమెక్కడ? ఎదుటనున్న గుర్తు కుక్కకు గతమును తెలుపుతుంది. మనకు గుర్తు అక్కరలేదు, ఊహయే చాలును. 2010లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 2,250 మందిని సెల్‌ఫోనుల ద్వారా వేళకాని వేళ పలుకరించి, ఏమి చేయుచున్నారు, మనస్సు ఎక్కడున్నది, సంతోషముగా ఉన్నారా అని అడిగినారు. నూటికి 47 పర్యాయములు మనస్సు చేసే పని మీద లేదు. అట్లు లేనప్పుడు సంతోషము తక్కువగా ఉన్నది. మధురమైన ఊహలలో తేలుచున్నవారు సైతము పనిలో లీనమైనవారికంటె ఎక్కువ సంతోషముగా లేరు.

దీనికి శరీరము మూల్యము చెల్లించును. ఆపద ఎదురైనపుడు మూత్రపిండములపైనున్న అధివృక్క గ్రంథులు కార్టిసాలు అనే స్రావమును విడుస్తవి. కోతి వచ్చినపుడు కుక్కకు ఇట్టి ఉద్రేకము కలిగి, కోతి పోగానే క్రమముగా సద్దుమణుగును. ఆకాశములో మబ్బు తునక లేని రాత్రి గాలివానను ఊహించుకొని మేలుకొన్న మనిషికి తరిమివేయుటకు ఎదుట ఏ కోతియు లేదు. ఆ ఊహ ఆగదు. అట్లని కుక్కను యోగిని చేయరాదు. ఉరుము వినబడితే అనేక కుక్కలు గజగజ వణకుతవి. యజమాని లేనప్పుడు దిగులుతో తలుపులు గీకేవి కూడ కలవు.

పైగా ఏ కుక్కయు మామిడి అంటు నాటలేదు. నాటి, నీరు పోసి, కొన్ని సంవత్సరములు ఓపిక పట్టినగాని తోట కాపుకు రాదు. నూజివీడు తోటలు ముందుచూపు గల మనుష్యుల సృష్టి. అందుచేత రేపటిని మరువుమనడము రైతుకు పనికివచ్చే సలహా కాదు. గాలికి అడ్డుగా తోట చుట్టూ సరుగుడు వేయించే ఆలోచన ఒకటి. అది పని అయి ముగియును. మే నెల రాత్రి ఏ పనికీ దారితీయక తిరిగి తిరిగి వచ్చే ఆలోచన మరొకటి. కుక్కకు మొదటిది చేతకాదు, కాని రెండవది దానిని వేధించుచున్నట్లు కనబడదు. మనము దానిని చూచి నేర్చుకొనదగినది ఈ రెండవ విషయములోనే ఉన్నదని నా అభిప్రాయము.

హార్వర్డువారి ప్రశ్నను తరగతిలో పరీక్షించుట కష్టము కాదు. ఉపాధ్యాయుడు పాఠము మధ్య, ముందుగా చెప్పకుండ, నాలుగైదుసార్లు బల్లమీద తట్టవలెను. తట్టినప్పుడెల్ల విద్యార్థులు పేరు వ్రాయని కాగితముపై, మనస్సు పాఠము మీద ఉంటే సున్న, లేకుంటే అడ్డగీత పెట్టవలెను. ఉదయపు మొదటి పీరియడులోను, మధ్యాహ్న భోజనము తరువాతను వచ్చిన గీతలను వేరువేరుగా లెక్కించి, నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాయించవచ్చును.