బడి ఎత్తేస్తారన్న మాటే బడిని ఎత్తేస్తోంది

మే నెల చివరికొచ్చేసరికి పెద్దవంగర చుట్టుపక్కల తండాల్లో ఒక మాట తిరుగుతుంది. "ఈయేడు మన బడి ఎత్తేస్తరట. ఇప్పుడే తొర్రూరు బస్సు మాట్లాడుకోండ్రి, మళ్ల సీటు దొరకది." ఎవరు చెప్పారంటే ఎవరి పేరూ రాదు. ఉత్తర్వు చూపించమంటే ఎవరి దగ్గరా ఉండదు. అయినా జూన్ 12న బడి తెరిచేనాటికి కొందరు పిల్లలు ప్రైవేటు బడి పసుపు బస్సెక్కేసి ఉంటారు. వాళ్లను చూసి మరో రెండు ఇళ్లవాళ్లు అప్పు చేసి ఫీజు కడతారు. మిగిలిన నలుగురైదుగురిని చూసి "చూసిన్రా, బడి పోతుందని చెప్పలే?" అంటారు.

2024–25 కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల్లో తెలంగాణలో ఒక్క పిల్లవాడూ చేరని బడులు 2,245. ఆ వరసలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం మనదే. వీటన్నిటికీ పుకారే కారణమని నేననను. వలస ఉంది, ఇళ్లలో పిల్లల సంఖ్యా తగ్గింది. కానీ ఇది మాత్రం తెలుసుకోండి: చిన్నపిల్లలకు కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలని విద్యాహక్కు చట్టం నియమాలు చెబుతున్నాయి. పిల్లలున్న బడి కోసం ఆ నియమం పట్టుకుని కొట్లాడవచ్చు. ఖాళీ బడి కోసం ఎవరు కొట్లాడతారు?

ఈ పుకారు ఇంత తేలిగ్గా పారడానికి కింద మరో నమ్మకం ఉంది. ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేస్తే చాలు, తండా పిల్లలు ఊరి పిల్లలతో, పట్నం పిల్లలతో సమానమైపోతారని. దీన్ని పరీక్షించి చూశారు, అదీ ఎక్కడో కాదు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2008లో మొదలుపెట్టి అయిదు జిల్లాల్లో, 180 ఊళ్లలో, లాటరీ తీసి సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు ఫీజు కట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్లు ఆ పిల్లల్ని గమనించి, ఫలితాలు 2015లో ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తేడా లేదు. హిందీ మాత్రం ప్రైవేటు పిల్లలకు బాగా వచ్చింది. మరి ప్రైవేటు బడి మార్కులు ఎక్కువగా కనిపిస్తాయేం? చదువుకున్న తల్లిదండ్రులు, కాస్త డబ్బున్న ఇళ్లు ఆ పిల్లల వెనకున్నాయి కాబట్టి. లాటరీ ఆ తేడాను తీసేసింది, బడి గొప్పతనం అనుకున్నదీ దాంతోపాటే పోయింది.

లంబాడీ ఇంట్లో పుట్టిన ఆరేళ్ల పాపను తీసుకోండి. ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలీ, అంటే లంబాడీ భాష. బడిలో సారు 'అ' రాసి పక్కన అమ్మ బొమ్మ చూపిస్తే, ఆ పాపకు ఇంట్లో ఉన్నది 'యాడి'. తెలుగే ఆమెకు రెండో భాష. అది కుదురుకోకముందే మూడో భాషలో లెక్కలు, సైన్సు మొదలుపెడతాం. పాఠం మొత్తం వల్లె వేస్తుంది, నోట్సు ముత్యాల్లా రాస్తుంది, అర్థమేమిటంటే నేల చూపులు చూస్తుంది. దాన్ని మనం 'తండా పిల్లలకు చదువెక్కదు' అంటాం. నిజాం రోజుల్లో తెలుగిళ్ల పిల్లలు ఉర్దూలో చదవాల్సి వస్తే, అమ్మభాషలో చదువు కావాలని సభలు పెట్టి పోరాడిన ప్రాంతం మనది. తండా పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం ఎందుకు మర్చిపోయాం? 2004లో ఉమ్మడి రాష్ట్రంలో లంబాడీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల కార్యక్రమం మొదలైంది. ఆ దారిని మళ్లీ పట్టుకోవాలి.

ప్రైవేటుకు పంపే తల్లిదండ్రుల మాటలో ఒక నిజముంది, ఒప్పుకుంటాను. అయిదు తరగతులకు ఒక్క సారుంటే చదువు సాగదు. ఒక్కో తరగతికి రోజంతటిలో దక్కేది గంటకు అటూ ఇటూ. ఆయన సెలవు పెడితే అదీ లేదు. 2024 నవంబర్‌లో కుటుంబ సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లను పంపి, బడుల్ని ఒంటిపూట చేశారు. ప్రైవేటు బడి పిల్లలకు అలా గంటలు పోలేదు. పైన చెప్పిన అధ్యయనంలో కూడా ప్రైవేటు బడుల్లో టీచర్ల గైర్హాజరు తక్కువ, ఒక్కో పిల్లవాడిపై ఖర్చూ తక్కువ. ఇది సర్కారు సమాధానం చెప్పాల్సిన సంగతి. కానీ దానికి మందు రెండో టీచర్. అరవై మంది లోపున్న బడికైనా ఇద్దరు టీచర్లుండాలని చట్టమే చెబుతోంది.

ఇక మిగతా అపోహలు. సర్కారు బడిలో ఇంగ్లీషు లేదంటారు: 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం ఉంది, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. తండాలో తెలివైనవాళ్లుండరంటారు: 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. ఆడపిల్లకు పది చాలంటారు: చాలా కస్తూర్బా బాలికల బడుల్లో ఇంటర్ కూడా ఉంది. అన్ని బడులకూ ఒకేలా ఇస్తే సమానమే కదా అంటారు: ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లకూ, లేని పిల్లకూ ఒకటే గంట కేటాయిస్తే లేని పిల్లే నష్టపోతుంది.

కాబట్టి బడి ఎత్తేస్తారని ఎవరైనా అంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు పోయి కాగితం అడగండి. కాగితం లేకపోతే ఆ మాట నమ్మొద్దు. పిల్ల ఏ బడిలో ఉన్నా రెండో తరగతి తెలుగు వాచకం చేతికిచ్చి ఒక పేజీ చదవమనండి, తర్వాత అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పమనండి. నాలుగో తరగతికి వచ్చీ చెప్పలేకపోతే టై, బెల్టు చూసి మురిసిపోవడం మానేసి సారును నిలదీయండి. సర్కారు బడి ప్రాథమిక తరగతుల్లో 2022 నుంచి 'తొలిమెట్టు' కార్యక్రమం ఉన్నది ఈ చదవడం, లెక్కల కోసమే, మీ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో అడిగే హక్కు మీకుంది. టీచర్లకూ ఒక మాట: తరగతిలో లంబాడీ మాట్లాడిన పిల్లను ఆపకండి, ఓ పాతిక మాటలు మీరూ నేర్చుకోండి.

అధికారులు 2020లో ఆపేసిన విద్యా వాలంటీర్లను మళ్లీ తీసుకోవాలి, తండా బడులకు ఆ తండాల్లో చదువుకున్న యువతనే పంపాలి. ఈసారి బడిబాటకు సార్లు ఇంటికొచ్చినప్పుడు తండా పెద్దలు, సర్పంచులు పక్కన నిలబడి ఒక్కటే అడగండి: రెండో టీచర్‌ను ఎప్పుడిస్తారు?