టాకోలు - మొక్కజొన్న రొట్టె, పచ్చిమామిడి పచ్చడి

టాకో యను పేరు విని, ఇదేదో పరదేశపు వింత వంటకమని మన సోదరీమణులు వెనుదీయ నక్కరలేదు. మెక్సికో దేశమున ఇంటింట తిను మొక్కజొన్న రొట్టెలో కూరయు పచ్చడియు నుంచి, రెండుగా మడచి, చేత పట్టుకొని తినుటయే టాకో. పెనము, రోలు గల యే యింటనైనను దీనిని చేయవచ్చును. ఆగిరిపల్లి స్త్రీలకు మఱియు సులభము. శోభనాచలస్వామి కొండకు నలువైపుల మామిడితోటలు, వాని నడుమ మొక్కజొన్న చేలు. రబీ కంకి కల్లమునకు వచ్చునప్పటికి చెట్లపై కాయ పుల్లగా నిండియుండును.

ఇచ్చిపుచ్చుకొనుటయు నేటిది కాదు. మొక్కజొన్న, మిరప, టమాటా మూడును ఆ ఖండమునుండియే మనకు వచ్చినవి. మన తూర్పుదిక్కు మామిడి, మనీలానుండి అకపుల్కోకు 1565 మొదలు 1815 వరకు నడచిన స్పెయినువారి యోడలలో వారికి చేరినది. నేటికిని అచ్చటివారు మామిడిముక్కలపై ఉప్పుకారములు చల్లుకొని తినుట చూచినచో, నూజివీటి బడిపిల్లలే జ్ఞాపకమునకు వత్తురు.

ఇంత పండించియు మన ప్రాంతమున మొక్కజొన్నకు వంటయింట చోటు తక్కువ. లేత కంకులు నాలుగు కాల్చుకొనుటతో సరి. తక్కిన గింజ కోళ్ల దాణాకును, గంజిపిండి చేయు కార్ఖానాలకును లారీ యెక్కును. ఉన్న గింజను తిన నేర్చుటలో నొక మెలకువ గలదు. అది సున్నము.

మెక్సికో స్త్రీలు వేల యేండ్లుగా మొక్కజొన్నను సున్నపునీట నుడికించి, కడిగి, రుబ్బుచున్నారు. యూరపువారు గింజను కొనిపోయిరి గాని యీ పద్ధతిని కొనిపోలేదు. మొక్కజొన్నయే ముఖ్యాహారమైన స్పెయిను, ఇటలీ దేశపు బీదలకు, ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చెదరుట అను లక్షణములతో పెల్లాగ్రా వ్యాధి పట్టుకొనెను. స్పెయినున కసాల్ అను వైద్యుడు 1735లో దీనిని గుర్తించెను. ఇది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమనియు అమెరికాలో గోల్డ్‌బెర్గరు 1914 తరువాత నిరూపించెను. ఆ లోపము నయాసిన్ అను విటమినుదని 1937లో తేలినది. గింజలో నది లేకపోలేదు. శరీరమునకు అందకుండ బిగిసియుండును. సున్నము దానిని విడిపించును. గింజకు కాల్షియమును గూడ చేర్చును. ఈ వ్యాధి మనకు దూరమైనదని తలపరాదు. జొన్నలే ప్రధానముగా తిను దక్కను బీదలలో దీనిని గూర్చి హైదరాబాదునుండి డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతియా 1960లో ప్రకటించిరి.

వారమున కొకమాఱు చేసికొను ఫలహారమునకు ఇంత విచారమేల యందురా? నిజమే. కాని సున్నము లేనిదే రొట్టెయు మడతపడదు, విఱిగిపోవును.

ఎండిన గింజలు అర కిలో తీసికొనవలెను. బూజు పట్టినవానిని పాఱవేయుడు. రంగు పూసిన విత్తనపు గింజకు పురుగుమందు పట్టించియుందురు గనుక దానిని వంటయింటికే తేరాదు. లీటరున్నర నీటిలో 5 గ్రాముల పొడి సున్నమును, తాంబూలపు ముద్దసున్నమైనచో అంతకు రెట్టింపును కలుపవలెను. గోడలకు వేయు సున్నము వలదు. అల్యూమినియము పాత్రయు వలదు, సున్నము దానిని తినివేయును. స్టీలు గిన్నెలో సన్నని సెగపై ముప్పావుగంట యుడికించి, మూతపెట్టి రాత్రియంతయు నుంచుడు. ఉదయమున నాలుగు నీళ్లు మార్చి చేతులతో రుద్ది కడిగినచో పైపొట్టు జాఱిపోవును. చిటికెడు ఉప్పు వేసి, నీరు చిలకరించుచు గట్టిగా రుబ్బవలెను.

ఇది గోధుమపిండివలె సాగదు. అప్పడాల కఱ్ఱతో పనిలేదు. పెద్ద నిమ్మకాయంత ముద్దను రెండు అరటియాకు ముక్కల నడుమ నుంచి, అడుగు చదునైన గిన్నెతో నొక్కుడు. అంచులు పగిలినచో పిండికి తడి చాలలేదన్నమాట. నూనె లేని వేడి పెనముపై ఒకవైపు అరనిమిషము, రెండవవైపు నిమిషము కాల్చి, మరల తిరగవేసి నొక్కినచో పొంగును. ఇరువదియైదు రొట్టెల వఱకు వచ్చును. కాల్చినదానిని కాల్చినట్లు బుట్టలో గుడ్డ నడుమ పేర్చవలెను.

లోపలికి ఉడికించిన అలసందలను ఉల్లి, వెల్లుల్లి, జీలకఱ్ఱలతో నూనెలో సగము మెదిపి వేయించిన చాలును. మాంసాహారులు కోడికూరను పొడిపొడిగా చేసికొందురు. పచ్చడికి గాలివానకు రాలిన కాయలైనను సరే, కలెక్టరు కాయ మఱియు శ్రేష్ఠము: సన్నని ముక్కలు తరిగి ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు కలుపవలెను. ఆవకాయ వేయవచ్చునా యని కొందఱడుగుదురు. మాకు సమ్మతము కాదు. ఆవపిండి ఘాటు మొక్కజొన్న తీపిని మ్రింగివేయును.

వడ్డనలో నొక సుఖము గలదు. గుడ్డలోని రొట్టెలు అరగంట వెచ్చగా నుండును గనుక, ఇల్లాలు పెనము నంటిపెట్టుకొని అందఱును లేచిన తరువాత చల్లారినవి తిన నక్కరలేదు. బుట్టయు, కూరయు, పచ్చడియు నడుమ నుంచి తానును కూర్చుండవచ్చును. ఎవరి రొట్టె వారు నింపుకొందురు. రెండు చెంచాలకు మించి నింపినచో చేతులపై కాఱును.

నిలువ చేయునప్పుడు మూడును వేఱువేఱుగా నుండవలెను. నింపియుంచిన టాకో గంటలోనే నాని చినుగును. పిల్లల బడిడబ్బాకైనను ఇదే నియమము. కూరను రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, మఱునాడు బాగుగ కాచి వాడుడు. పచ్చడి ఆ పూటకే మేలు. రొట్టెలు గాలి తగులకుండ ఫ్రిజ్‌లో మూడు దినములు నిలుచును. నీటిచేయి రాచి వేడిపెనముపై వేసినచో మరల మెత్తబడును. అప్పటికిని బిరుసెక్కినవానిని నాలుగేసి ముక్కలుగా కోసి, నూనెలో కరకరలాడ వేయించి, వేడిమీదనే ఉప్పుకారములు చల్లి డబ్బాలో పోసికొనవచ్చును.