చినుకు వేగానికి గాలి కళ్లెం

కిలోమీటరు ఎత్తున ఉన్న మబ్బు నుంచి ఒక చినుకు రాలిందనుకుందాం. దారిలో గాలే లేకపోతే అది నేలను తాకేసరికి గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అలాంటి వాన కింద పైరు నిలవదు, పిట్ట బతకదు. నిజం వానలో మాత్రం బాగా లావు చినుకు కూడా గంటకు 30 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా దిగుతుంది.

భూమి లాగుడు చినుకు మీద మొదటి నుంచీ ఒకేలా ఉంటుంది. గాలి అడ్డు అలా కాదు, వేగంతో పాటు పెరుగుతుంది. పెరిగి పెరిగి చినుకు బరువుకు సమానమైన క్షణాన వేగం పెరగడం ఆగిపోతుంది. దీన్నే చరమ వేగం అంటారు. చినుకు రాలిన కొన్ని పదుల మీటర్లలోపే ఈ స్థితి వచ్చేస్తుంది. అందుకే మబ్బు ఒక కిలోమీటరు ఎత్తున ఉన్నా, రెండు కిలోమీటర్ల ఎత్తున ఉన్నా నెత్తిన పడే దెబ్బలో తేడా తెలియదు.

గాలి పలచబడితే ఈ హద్దు పెరుగుతుంది. 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే సాహసికుడు అమెరికాలో సుమారు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకాడు. అక్కడ గాలి దాదాపు లేనట్టే. గంటకు 1,357 కిలోమీటర్ల వేగంతో ధ్వనిని మించిపోయాడు. ఇంకా కిందికి, చిక్కటి గాలిలోకి వచ్చేసరికి పారాచూట్ విప్పకముందే అతని వేగం బాగా తగ్గిపోయింది. పడుతూనే నెమ్మదించాడన్నమాట! గాలి బలానికి ఇంతకన్నా గొప్ప రుజువు నాకు కనిపించదు.

ఇక చినుకు పరిమాణం సంగతీ చూడాలి. వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది, గాలికి ఎదురయ్యే వైశాల్యం నాలుగు రెట్లే. అందుకే పెద్దవి వేగంగా పడతాయి. మబ్బులోని సూక్ష్మబిందువు సెకనుకు సెంటీమీటరు దిగితే గొప్ప. అర మిల్లీమీటరు తుంపర సెకనుకు 2 మీటర్లు, 5 మిల్లీమీటర్ల చినుకు 9 మీటర్లు దిగుతాయి. మరి చినుకు ఇంకా లావెక్కితే? బొమ్మల్లో గీసే మొన తేలిన ఆకారం దానికి ఉండదు. కింది నుంచి గాలి తోస్తుంటే అడుగు చదునై, పైభాగం ఉబ్బి బన్నులా తయారవుతుంది. ఆరేడు మిల్లీమీటర్లు దాటితే ఉబ్బి చిట్లిపోతుంది. అలా గాలి చినుకు వేగానికే కాక సైజుకూ హద్దు పెట్టింది.

వడగడ్డ అలా చిట్లదు. ఐదు సెంటీమీటర్లు దాటినది గంటకు 70 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతుంది. వేసవిలో మన మామిడి తోటల్లో కాయలు రాలిపోయేది ఆ దెబ్బకే. వడగళ్లు మొదలైతే చెట్టు కిందికి పరుగెత్తకండి, పిడుగు ప్రమాదం కూడా ఉంటుంది. గట్టి కప్పున్న ఇంట్లోకి వెళ్లండి.