ఉచిత యాంటీవైరస్ – దాని వెల

గృహ కంప్యూటర్లకు ఉచితముగా లభించు యాంటీవైరస్ చరిత్రలో ప్రాగ్ నగరమునకు విశిష్ట స్థానము కలదు. 1988లో, చెకొస్లొవేకియా యింకను కమ్యూనిస్టు ప్రభుత్వము క్రింద నున్న కాలమున, అచ్చటి గణిత యంత్రముల పరిశోధన సంస్థయందు పనిచేయుచుండిన పావెల్ బౌదిష్, ఒక ఫ్లాపీలో దాగిన ‘వియన్నా’ అను వైరసును కనుగొని, దానిని తొలగించు ప్రోగ్రామును రచించి, సహోద్యోగియైన ఎడువార్డ్ కుచేరాతో కలసి ఆల్విల్ అను సహకార సంఘమును స్థాపించెను. నేటి అవాస్ట్‌కు అదియే మూలము.

ఆ వైరసు పరిమాణము 648 బైట్లు మాత్రమే. అది ప్రోగ్రాము ఫైలు చివర చేరి, ఒకసారి సోకిన ఫైలును మరల సోకకుండుటకై, ఆ ఫైలుపై నమోదైన కాలములో సెకండ్ల స్థానమున 62 అను అసంభవమైన సంఖ్యను గుర్తుగా వ్రాసెడిది. ఎంతటి సూక్ష్మయోచన! వైరసులలోని విలక్షణములైన బైట్ల వరుసలను పట్టికగా కూర్చి, ప్రతి ఫైలును ఆ పట్టికతో సరిపోల్చుటయే తొలినాటి యాంటీవైరసుల ముఖ్యకార్యము. పట్టికకెక్కని వైరసు వాటికి గోచరింపదు గనుక, క్రొత్త నమూనాలు ఎంత శీఘ్రముగా పరిశోధకుల చేతికందునో రక్షణ అంత దృఢమగును.

2001లో ఆల్విల్ తన సాఫ్ట్‌వేరును గృహ వినియోగమునకు ఉచితముగా నొసగ నారంభించెను. 2004 నాటికి 10 లక్షలైన వినియోగదారులు 2006 నాటికి 2 కోట్లైరి. అధిక సౌకర్యములు కోరువారు మూల్యము చెల్లింప, తక్కినవారి కంప్యూటర్లు నూతన వైరసుల జాడ తెలుపుచుండిన ఆ యేర్పాటు ఉభయతారకమనియే నా అభిప్రాయము.

అయితే ఇంటర్నెట్టు విస్తరించినకొలది పట్టిక సంస్థల సర్వర్లకు చేరెను. వినియోగదారుడు తెరవబోవు వెబ్ చిరునామా సైతము పరీక్షార్థమై అచ్చటికి పోవలసివచ్చెను. రక్షణకై చూడక తప్పని ఆ వివరములనే, అనగా ఒకడు ఏ వ్యాధిని గూర్చి వెదకెనో, ఏ ఋణమును గూర్చి విచారించెనో తెలుపగల సమాచారమును, అవాస్ట్ తన అనుబంధ సంస్థయైన జంప్‌షాట్ ద్వారా విక్రయించెను. ఇది మిక్కిలి శోచనీయము. 2020 జనవరిలో విషయము బయల్పడగా జంప్‌షాట్ మూతపడెను. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపుమని ఆదేశించి, ప్రకటనల నిమిత్తము అట్టి సమాచారమును అమ్మరాదని నిషేధించెను.

ఈలోగా మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితముగా విడుదలచేసి, 2012లో విండోస్ 8తో డిఫెండరునే యాంటీవైరసుగా మలచి విండోసులో అంతర్భాగము గావించెను. వేరొక యాంటీవైరసును స్థాపించినచో డిఫెండరు తప్పుకొనును. ఆ వేరొక యాంటీవైరసును తొలగించినచో తనంత తానే మరల పనికి పూనుకొనును.

మన దేశమున 2017లో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ప్రజలకు ఉచిత సాధనములను ప్రభుత్వ వ్యయముతో నందించుచున్నది. వానిలో హైదరాబాదు సీడాక్ పరిశోధన సంస్థ నిర్మించిన ‘యాప్ సంవిద్’ పద్ధతి వేరు: అది దుష్ట ప్రోగ్రాముల పట్టికను వెదకదు, యజమాని అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడువనిచ్చును.