కొండ మీది బస – శరత్కాలపు వాతావరణం

సంవత్సరానికి ఆరు ఋతువులని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. మన గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల్లో ఈ రెండు నెలలకు వేరే పేర్లున్నాయి. బుడ్డలు పీకే కాలం, పత్తి విడిపించే కాలం, ఆ తరువాత సుగ్గికి పోయే కాలం. హస్త, చిత్త, స్వాతి కార్తెల్లో మన రైతు రోజుకు పదిసార్లు ఆకాశం వంక చూస్తాడు. పగిలిన పత్తికాయ మీద వాన పడితే దూది నల్లబడుతుంది, ధర పడిపోతుంది. కాబట్టి ఆకాశం మారితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఇదే కాలంలో నేపాల్ దేశపు కొండల మీద కూడా ఒక పంట చేతికొస్తుంది. అది యాత్రికుల పంట. దసరా పండుగ (వాళ్ళు దశైం అంటారు) చుట్టుపక్కల మొదలై నవంబరు దాకా దేశదేశాల నుండి కొండలెక్కేవారు వస్తారు. దారిలో వారు రాత్రి తలదాచుకునే బసల గురించి, అక్కడ గంటగంటకూ మారే వాతావరణం గురించి తెలుసుకుందాం. ఎక్కడో హిమాలయాల సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2014లో మన విశాఖపట్నాన్ని కొట్టిన తుపానే రెండు రోజుల తరువాత అక్కడి కొండ మీద మనుషులను బలి తీసుకుంది.

బస ఎలా ఉంటుంది?

నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల చుట్టూ పేరుపొందిన ఒక కాలిబాట ఉంది. ఆ బాటలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు థొరాంగ్ లా. టిబెట్ భాషలో ‘లా’ అంటే కనుమ. దీని ఎత్తు సముద్ర మట్టానికి 5,416 మీటర్లు. కనుమకు తూర్పున మనాంగ్, పడమర ముక్తినాథ్. ముక్తినాథ్ మన అహోబిలం లాగే నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి.

కనుమ ఎక్కేవారు ముందురాత్రి థొరాంగ్ ఫేదీలోనో, ఇంకొంచెం పైన సుమారు 4,900 మీటర్ల ఎత్తులో ఉన్న హైక్యాంపులోనో ఉంటారు. అక్కడి బసలు రాతిగోడల ఇళ్ళు. లోపల పలుచటి చెక్క అడ్డుగోడలతో చిన్న చిన్న గదులు. గదిలో మంచం, పరుపు, దుప్పటి తప్ప మరేమీ ఉండదు. వెచ్చదనం ఉండేది భోజనాల గదిలో మాత్రమే. మధ్యలో ఇనుప పొయ్యి పెట్టి, కట్టెలు దొరకని చోట జడలబర్రె పిడకలు వేస్తారు. సాయంత్రం కాగానే అందరూ దాని చుట్టూ చేరతారు. తిండి ముఖ్యంగా పప్పు, అన్నం, కూర. బియ్యం, కిరసనాయిలు, గ్యాసు అన్నీ కింది నుండి కంచరగాడిదల మీదనో, కూలీల వీపు మీదనో రావాలి. అందుకే ఎత్తు పెరిగేకొద్దీ టీ ధర కూడా పెరుగుతుంది. రాత్రి నీళ్ళ పైపు గడ్డకట్టుకుపోతుంది. పొద్దెక్కి ఎండ తగిలాకనే మళ్ళీ నీళ్ళు.

ఏడాదిలో సంపాదన అంతా శరత్తులో రెండు నెలలు, వసంతంలో రెండు నెలలు. చలి ముదిరితే చాలామంది యజమానులు తలుపులకు తాళం వేసి కింది ఊళ్ళకు దిగిపోతారు.

ఎత్తుకు పోయేకొద్దీ చలి ఎందుకు?

ఎత్తు పెరిగితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడి పెరగాలి కదా అని చిన్నపిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. గాలిని ఎక్కువగా వేడిచేసేది నేరుగా ఎండ కాదు, ఎండకు కాగిన నేల. అదీగాక పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని లెక్క.

మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంది. థొరాంగ్ లా మనకన్నా అయిదు వేల మీటర్లు పైన. అంటే 32 డిగ్రీల తేడా. ఇక్కడ 30 డిగ్రీలున్న రోజు అక్కడ సున్నాకు రెండు డిగ్రీలు దిగువ అన్నమాట. ఇది ఎత్తు లెక్క మాత్రమే. ఉత్తరానికి ఉన్న దూరం, రాత్రి చలి, ఈదురుగాలి కలిస్తే ఇంకా తక్కువ.

చలితో పాటు ఊపిరి సమస్య. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో సగమే. తొందరపడి ఎక్కితే తలనొప్పి, వాంతులు వస్తాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటికన్నా ఈ రాత్రి 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదని నియమం.

శరత్తులోనే ఎందుకు పోతారు?

నైరుతి ఋతుపవనాలు సెప్టెంబరు చివరికి, అక్టోబరు మొదటికి నేపాల్ నుండి వెనుదిరుగుతాయి. నాలుగు నెలల వాన గాలిలోని దుమ్మునంతా కడిగేస్తుంది. ఆ తరువాత ఉత్తరం నుండి పొడిగాలి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. చలి ఇంకా ముదరలేదు. అందుకే ఈ కాలం కొండలకు అనువైనది.

ఒక రోజులో కూడా వాతావరణానికి క్రమం ఉంది. తెల్లవారుజామున ప్రశాంతం. ఎండకు కొండవాలు కాగాక లోయలోని గాలి పైకి లేస్తుంది. మధ్యాహ్నానికి మబ్బులు, ఈదురుగాలి. అందుకే కనుమ దాటేవారు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే దీపాలు పట్టుకుని బయలుదేరతారు.

అయితే శరత్తుకు ఇంకొక ముఖం ఉంది. ఋతుపవనాలు వెనుదిరిగే అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం ఇంకా వెచ్చగానే ఉంటుంది. మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా వచ్చేది అప్పుడే.

విశాఖలో తుపాను, అన్నపూర్ణలో మంచు

2014 అక్టోబరు మొదటి వారంలో అండమాన్ సముద్రంలో అల్పపీడనం పుట్టి, బలపడి తుపాను అయింది. దానికి హుద్‌హుద్ అనే పేరు ఒమన్ దేశం ఇచ్చినది. అది ఒక పిట్ట పేరు. అక్టోబరు 12న, చిత్త కార్తెలో, అది విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. నగరంలో చెట్లు, కరెంటు స్తంభాలు నేలకూలాయి.

తీరం దాటాక తుపాను బలహీనపడింది. బలహీనపడటం అంటే గాలి తగ్గడమే, అందులోని తేమ ఎక్కడికీ పోదు. ఆ తేమ ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి నడిచింది. అదే సమయానికి పడమర నుండి వచ్చిన ద్రోణి ఒకటి దానిని హిమాలయాల వైపు లాగింది. తేమగాలికి కొండ అడ్డొస్తే పైకి లేవక తప్పదు. పైకి లేస్తే చల్లబడాలి, చల్లబడితే కురవాలి. కింద వాన, అయిదు వేల మీటర్ల ఎత్తున మంచు. ఒక సెంటీమీటరు వాన నీరు మంచుగా కురిస్తే దాదాపు పది సెంటీమీటర్ల మందాన పరుచుకుంటుంది.

అక్టోబరు 14న థొరాంగ్ లా ప్రాంతంలో కొన్నిచోట్ల పన్నెండు గంటల్లోనే ఆరడుగుల దాకా మంచు పడింది. విశాఖకు, ఆ కనుమకు మధ్య దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ రోజు వందలమంది దారిలో ఉన్నారు. మంచులో దారి గుర్తులు కప్పుకుపోయాయి. ఎదుటి మనిషి కనిపించలేదు. పలుచోట్ల మంచుచరియలు విరిగిపడ్డాయి. కనీసం 43 మంది చనిపోయారు. వారిలో నేపాలీలు, భారతీయులు, ఇజ్రాయెల్, కెనడా వంటి దేశాల వారు ఉన్నారు. తరువాతి రోజుల్లో వందలమందిని హెలికాప్టర్లతోనూ, కాలినడకనూ కిందికి చేర్చారు.

ఉండటమా, కదలడమా?

ఆ ఉదయం బసల్లో ఉన్న ప్రతి ఒక్కరి ముందూ ఒకటే ప్రశ్న. బయట మంచు పడుతోంది, ఉండాలా, పోవాలా? ఉండిపోయినవారు ఒకటి రెండు రోజులు ఇరుకు గదుల్లో చలికి వణికారు, తరువాత క్షేమంగా దిగారు. కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతూ తుపానుకు చిక్కినవారిలో ఎక్కువమంది నష్టపోయారు.

వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. తిరుగు ప్రయాణానికి విమానం టికెట్ ఉంటుంది, సెలవు అయిపోతుంటుంది, ముందు నడిచేవారు కనిపిస్తుంటే మనమూ పోదామనిపిస్తుంది. అక్టోబరులో ఆకాశం బాగుంటుందని పుస్తకంలో చదివి ఉంటారు. కాలం గురించి చెప్పే మాట వేరు, ఈ రోజు గురించి చెప్పే మాట వేరు. శరత్తు మంచిదే, కాని ఆ మంగళవారం మంచిది కాదు.

ఇంకొక మాట. మూటలు మోసే కూలీకి ఆ ప్రశ్న అడుక్కునే హక్కు చాలాసార్లు ఉండదు. యజమాని కదిలితే తానూ కదలాలి. యాత్రికునికి ఉన్నంత మంచి కోటు, బూట్లు అతనికి ఉండవు. ‘ఈ రోజు పోవద్దు’ అంటే ఆ పూట కూలి పోతుందేమోనని భయం. ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయే మన ప్రాంతం వారికి ఈ భయం గురించి వివరించనక్కరలేదు. కూలీకి ‘వద్దు’ అనే వీలు కల్పించడం పనిలో పెట్టుకున్నవారి బాధ్యత.

అలాగని బసలో ఉంటే చాలు, ఏ భయమూ లేదు అనుకోకూడదు. 1995 నవంబరులో బంగాళాఖాతపు తుపాను ఒకటి ఇలాగే నేపాల్ దాకా పోయి మంచు కురిపించింది. ఎవరెస్టు ప్రాంతంలోని గోక్యో లోయలో పంగా అనే చోట మంచుచరియ విరిగి బస మీదనే పడింది. జపాను యాత్రికులు 13 మంది, వారి వెంట ఉన్న నేపాలీలు చనిపోయారు. కాబట్టి బస ఎక్కడ ఉంది, దాని తలపైన ఏ వాలు ఉంది అనేది కూడా చూసుకోవాలి.

హెచ్చరిక ఎక్కడ ఆగిపోయింది?

హుద్‌హుద్ వస్తోందని మన వాతావరణ శాఖ ముందే చెప్పింది. ఆంధ్ర, ఒడిశా తీరాల్లో లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అందువల్ల అంత పెద్ద తుపానులోనూ ప్రాణనష్టం అదుపులో ఉంది. కాని ఆ తుపాను మిగులు ఉత్తరానికి వస్తోందన్న కబురు కొండ మీది బసల్లో ఉన్న చాలామందికి అందలేదు. సమాచారం ఉంది, అది చివరి మనిషి దాకా నడవలేదు. ఆ తరువాత నేపాల్‌లో ముందస్తు సమాచారం గురించి, దారి చూపేవారి గురించి చాలా చర్చ జరిగింది. ఒంటరిగా వచ్చే విదేశీ యాత్రికులు గైడును వెంట తీసుకోవాలన్న నియమం 2023 ఏప్రిల్ నుండి వచ్చింది.

మనం నేర్చుకోవలసినవి

శరత్కాలపు ముప్పు మనకు కొత్త కాదు. 2009 దేశమంతటా వానలు లేని కరువు ఏడు. అదే ఏడు సెప్టెంబరు చివరలో కుండపోత కురిసి తుంగభద్ర, హంద్రీ పొంగాయి. మంత్రాలయం మునిగింది. అక్టోబరు 2న కర్నూలు పట్టణంలో మిద్దెల మీదికి ఎక్కి జనం ప్రాణాలు దక్కించుకున్నారు. మన గాజులదిన్నె ప్రాజెక్టు ఉన్నది ఆ హంద్రీ మీదనే.

కాబట్టి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ కింది విషయాలు గుర్తుంచుకోవాలి.

1. అహోబిలం, నల్లమల, హార్సిలీ కొండలు – ఎక్కడికి విహారయాత్రకు పోయినా ముందురోజు, ఆ రోజు పొద్దున వాతావరణ సూచన చూడాలి.

2. చంద్రుని చుట్టూ గుడి కట్టినా, నారల్లాంటి తెల్లమబ్బులు ఆకాశమంతా కమ్ముకుంటున్నా, గాలి దిక్కు మారినా వాతావరణం మారవచ్చని గ్రహించాలి.

3. మన ప్రాంతంలో చేలల్లో పనిచేసేవారికి పిడుగు పెద్ద ముప్పు. ఉరుము వినగానే చెట్టు కిందికి కాదు, పక్కా కట్టడం లోపలికి పోవాలి. చివరి ఉరుము తరువాత కూడా అరగంట ఆగాలి. ‘దామిని’ అనే మొబైల్ యాప్ దగ్గరలో పిడుగులుంటే తెలుపుతుంది. ఫోన్ ఉన్నవారు లేనివారికి చెప్పాలి.

4. బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని బట్టి వేళ నిర్ణయించాలి.

5. వెనక్కి తిరగడం ఓటమి కాదు.

ఈ కొండలు మనవంటి వారికి అందనివి అనుకోవద్దు. హుద్‌హుద్ వచ్చిన ఆ 2014లోనే, మే 25న, సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి బండరాళ్ళ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొంది అంతదూరం చేరారు. శిక్షణలో నేర్పేది ఎక్కడం ఒక్కటే కాదు. ఎప్పుడు ఆగాలో కూడా నేర్పుతారు.

చివరగా ఒక మాట. మన హాస్టల్ కూడా ఒక బసే. కార్తీకం దాటాక అమ్మానాన్నలు మిరపకాయల కోతకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు బయలుదేరేటప్పుడు ‘నువ్వూ రా’ అంటే మనసు లాగుతుంది. కదలాలా, ఉండాలా అనే ప్రశ్న మనలో చాలామందికి ఏటా వస్తుంది. ఆ సమయంలో బడి, భోజనం, పడుకోవడానికి చోటు ఉన్న ఈ బసను వదలవద్దు. పూర్వ విద్యార్థులకు నా విన్నపం కూడా అదే. మీ ఊళ్ళో సుగ్గి బండి కదిలే ముందురోజు ఒక్కసారి ఆ ఇళ్ళకు వెళ్ళి, పిల్లలను హాస్టల్‌లో ఉంచమని తల్లిదండ్రులకు చెప్పండి. సమాచారం చివరి ఇంటి దాకా నడవాలంటే ఎవరో ఒకరు నడవాలి.