తెల్లబరచు మందును పలుచన చేయు లెక్క

మగ్గము మీద పడుగు పోగులు మాటిమాటికి తెగుచున్నవని ఒకసారి మా గూళూరు ఇండ్లనుండి ఫిర్యాదు వచ్చినది. నేసినవారు గంజి తప్పనిరి, గంజి పెట్టినవారు నూలు తప్పనిరి. తుదకు చూడగా తప్పు మా తొట్టిలోనే యున్నది. హైడ్రోజన్ పెరాక్సైడు డబ్బా అంతకుముందు 30 శాతముది, కొత్తది 50 శాతముది. పాత గిన్నెతోనే పోసితిమి. డబ్బామీది చీటీ ఎవరును చదువలేదు, మేమును చదువలేదు.

30 శాతమనగా 100 గ్రాముల ద్రావణములో 30 గ్రాములు అసలు మందు, తక్కినది నీరు. నీరు ఎంత పోసినను అసలు మందు పెరుగదు, తరుగదు. కనుక కావలసిన శాతమును తొట్టి మొత్తపు బరువుతో హెచ్చించి, డబ్బా శాతముతో భాగించిన, తీయవలసిన బరువు వచ్చును.

20 కిలోల తొట్టి అర శాతము కావలెననుకొందము. 20,000 గ్రాములను అరతో హెచ్చింప 10,000. దానిని 30తో భాగించిన 333 గ్రాములు, 50తో భాగించిన 200 గ్రాములే. తొట్టి మొత్తము 20 కిలోలు గాని నీరు 20 కిలోలు కాదు. సోడా మొదలైనవి కూడ అందులోనే లెక్క.

మేము చేసినదేమి? 300 మిల్లీలీటర్ల గిన్నెడు 30 శాతపు మందు సుమారు 333 గ్రాములు తూగును. 50 శాతపు మందు చిక్కన గనుక అదే గిన్నెడు సుమారు 360 గ్రాములు. అందులో అసలు మందు 180 గ్రాములు. 100 చాలినచోట 180 పడినది. నూలు బలము పోక ఏమగును? గిన్నె మాని త్రాసు పట్టుడు. 1956 చట్టము తరువాత సేరు, తులము క్రమముగా పోయినవి గాని, అన్నిటిని ఒకే తూనికలో వ్రాసిన ఈ లెక్క వానికిని సరిపోవును.

ఇంకొక చిక్కు, "ఒకటికి పది" అను మాట. ఒక పాలు మందుకు పది పాళ్లు నీరైన మొత్తము పదునొకండు. పదింట ఒకటి కావలెనన్న నీరు తొమ్మిదే.

రంగులో శాతము వేరు: అది నూలు బరువు మీద. కిలో నూలుకు 2 శాతపు రంగనగా 20 గ్రాములు. లీటరు నీట 10 గ్రాములు కరగించి యుంచుకొన్న రంగునీరైన 2 లీటర్లు. తొట్టి 20 లీటర్లదైన పైన పోయు నీరు 18 లీటర్లే.

50 శాతపు మందు చేతికి తగిలిన చర్మము తెల్లబడి మండును. ఇనుప, రాగి పాత్రలలో పోయరాదు.

ఆ పడుగుల నష్టము నేసినవారి కూలిలో కోయక సంఘమే భరించినది. ఇప్పుడు డబ్బా వచ్చిన దినముననే దాని శాతమును తొట్టి ప్రక్క గోడమీద సుద్దతో వ్రాయించుచున్నాము.