నార్మల్ రిపోర్టు వెనుక క్లోమం నొప్పి

జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే క్లోమగ్రంథి ఏళ్ల తరబడి వాచి, క్రమంగా పీచులా గట్టిపడే వ్యాధిని క్రానిక్ పాంక్రియాటైటిస్ అంటారు. పొట్ట పైభాగంలో పుట్టి వీపులోకి పాకే నొప్పి దీని ప్రధాన లక్షణమే అయినా, రక్తపరీక్షలూ స్కానింగూ నార్మల్‌గా రావడంతో ఎందరో రోగులు గ్యాస్ మాత్రలతోనో, ‘ఇదంతా టెన్షన్ వల్లే’ అన్న మాటతోనో ఇల్లు చేరుతుంటారు.

క్లోమం హఠాత్తుగా వాచినప్పుడు దాని కణాలు దెబ్బతిని అమైలేజ్, లైపేజ్ అనే జీర్ణ ఎంజైములు రక్తంలోకి చేరుతాయి కనుక, వాటి స్థాయి గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు మించడం రోగనిర్ధారణకు ఒక ఆధారం. దీర్ఘకాలిక వ్యాధిలో మాత్రం ఆ ఎంజైములను తయారుచేసే కణాలే నశించి, వాటి చోట పీచు కణజాలం పెరుగుతుంది. ఎండిన చెరువుకు గండి పడినా నీరు పారదు. అలాగే వ్యాధి ముదిరిన రోగి రిపోర్టులోనూ అంకె మామూలుగానో, అంతకంటే తక్కువగానో ఉండవచ్చు.

సి.టి. స్కాన్ పట్టుకునే కాల్షియం రాళ్లు, వెడల్పైన క్లోమనాళం సాధారణంగా ఆలస్యంగా ఏర్పడేవే. మలంలో ఎలాస్టేజ్ అనే ఎంజైము గ్రాముకు 200 మైక్రోగ్రాములకు తగ్గితే క్లోమం పనితీరు లోపించిందని అనుమానిస్తారు గాని, తొలిదశ లోపం ఆ పరీక్షకు అందదు. మలం జిడ్డుగా మారడమైతే లైపేజ్ ఉత్పత్తి సుమారు 90 శాతం పడిపోయాకే మొదలవుతుంది. జీర్ణాశయంలోకి గొట్టం పంపి దగ్గరగా చూసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ సూక్ష్మమైన మార్పులను చూపుతుంది. అయితే వృద్ధుల్లో, పొగతాగేవారిలో ఈ వ్యాధి లేకున్నా అలాంటి మార్పులు కనిపిస్తాయి కనుక, ఒక్క అస్పష్టమైన ఛాయను చూసి జీవితాంతపు రోగముద్ర వేయడమూ తొందరపాటే.

నొప్పి తీవ్రతకూ స్కానింగులో కనిపించేదానికీ పొంతన లేకపోవడానికి ముఖ్య కారణం నరాలు. క్లోమంలోని నరాలు మందమవుతాయి, వెన్నుపాము, మెదడు చిన్న సంకేతానికీ అతిగా స్పందించడం మొదలుపెడతాయి. అందువల్లనే మామూలు నొప్పి మాత్రలకు లొంగని కొందరికి ప్రీగాబలిన్ వంటి నరాల మందు ఉపశమనమిస్తుంది.

‘తాగుబోతుల జబ్బు’ అన్న నింద రోగిని మరింత కుంగదీస్తుంది. మద్యం, పొగ పెద్ద కారణాలే, మానడం తప్పనిసరే. కాని మద్యం ముట్టని యువకుల్లో రాళ్లతో, మధుమేహంతో కూడిన ఈ వ్యాధి ఉష్ణమండల రూపాన్ని కేరళలో వైద్యుడు గీవర్గీస్ 1960లలోనే విస్తృతంగా అధ్యయనం చేశారు. అనేకమంది భారతీయ రోగుల్లో స్పింక్1 జన్యువులో మార్పు కూడా కనిపించింది.

జీర్ణలోపం ఉన్నవారు ఎంజైము క్యాప్సూళ్లను భోజనం ముగిశాక కాక, భోజనంతో పాటే వేసుకోవాలి; నూనె, నెయ్యి పూర్తిగా మానేస్తే ఒళ్లు తగ్గడమే తప్ప ప్రయోజనం తక్కువ. ఎ, డి, ఇ, కె విటమిన్లు, చక్కెర స్థాయి ఏటా చూపించుకోవాలి. బరువు అకారణంగా తగ్గినా, నడివయసు దాటాక మధుమేహం కొత్తగా బయటపడినా, క్లోమ క్యాన్సరూ అలాగే మొదలుకావచ్చు కనుక, పాత నార్మల్ రిపోర్టును పక్కనపెట్టి మళ్లీ స్కాన్ చేయించాలి.